ఆగిపోయిన పైపు పొగాకు డబ్బా: వెతికి తెచ్చుకోవాలా, వదిలేయాలా?

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు సంక్రాంతికి ఇంటికి వస్తూ, బయలుదేరడానికి వారం ముందు ఫోన్ చేసి, "మావయ్యా, ఇక్కడ ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత పైపు పొగాకు డబ్బాలు అమ్మేస్తున్నారు. నాలుగు రకాలున్నాయి. మీకు ఏవి తెమ్మంటారు?" అని అడిగాడు. నాలుగూ తెమ్మనడానికి వీలు లేదు. అప్పుడు అమలులో ఉన్న మన దేశపు 2016 నాటి బ్యాగేజీ నియమాల ప్రకారం ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగిన పొగాకు 125 గ్రాములు. ఒక్కో డబ్బా 50 గ్రాములు కనుక రెండు వస్తాయి, మూడవది రాదు. వాడు చదివిన పేర్లు ఇవి: డన్‌హిల్ వారి నైట్‌క్యాప్, మెక్లెలాండ్ వారి వర్జీనియా ఫ్లేక్ (అదిమి పలచగా కోసిన పొగాకు), పాత బాల్కన్ సోబ్రానీ, పాత త్రీ నన్స్. నాలుగూ పైపు తాగేవాళ్లు తలుచుకుని నిట్టూర్చే పేర్లే. ఏ రెండింటికి సూట్‌కేసులో చోటివ్వాలో ఆ రాత్రి కూర్చుని తేల్చుకున్న లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇది ఇప్పటికే పైపు అలవాటున్న పెద్దవాళ్ల కోసం రాసినది. పొగ ఊపిరితిత్తుల దాకా పీల్చకపోయినా పైపు వల్ల నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు ఉంది. అలవాటు లేనివారు పాత డబ్బా మోజుతో దీనిలోకి దిగవలసిన అవసరం లేదు.

ముందుగా చూడవలసినవి

ఒక మిశ్రమం ఆగిపోయింది అన్నప్పుడు నిజంగా ఆగిపోయినది ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఒక్కోసారి ఆకే దొరకకుండా పోతుంది. ఒక్కోసారి ఆకు ఉంటుంది గాని దానిని మగ్గబెట్టి, అదిమి, కోసే కర్మాగారం మూతపడుతుంది. ఇంకొన్నిసార్లు ఆకూ కర్మాగారమూ ఎక్కడివక్కడే ఉండి, డబ్బా మీది పేరు మాత్రం మారుతుంది. అమ్మేవాళ్లు ఈ మూడింటికీ ఒకే తీరున ధర పెంచుతారు. కొనేవాడు మాత్రం మూడింటినీ వేరు చేసి చూడాలి.

రెండవది, ఆ ఆకుకు వయసు కలిసివస్తుందా అన్నది. గోదావరి జిల్లాల వాళ్లకు పాత బియ్యం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే పాత బియ్యానికి ఎక్కువ పెట్టి కొనే మనమే పాత శనగపిండిని పారబోస్తాం. పొగాకులోనూ ఈ తేడా ఉంది. చక్కెర ఎక్కువగా ఉండే వర్జీనియా ఆకు, గాలి చొరబడని డబ్బాలో ఐదేళ్లు, పదేళ్లు, ఆపైన కూడా మగ్గుతూ రంగు ముదిరి, నాలుక మీది చురుకు తగ్గి, రుచి గుండ్రబడుతుంది. పెరిక్ అనే పులియబెట్టిన ఆకు కలిసిన వర్జీనియా కూడా అంతే. లటాకియా అనే పొగబెట్టిన ఆకు ఎక్కువగా ఉన్న మిశ్రమాలలో మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొగ వాసన పలచబడుతుంది; కొందరికి ఆ మెత్తదనం నచ్చుతుంది, నాకు నచ్చదు. వనిల్లా, చెర్రీ వంటి సువాసనలు కలిపినవాటికి వయసు వల్ల ఒరిగేది లేదు.

మూడవది, మూత గట్టిగా ఉందా అన్నది. నాలుగవది, డబ్బా ధర కాకుండా ఒక్కో పైపుకు పడే ధర. ఒకసారి నింపడానికి సుమారు రెండున్నర గ్రాములు పడుతుంది కాబట్టి 50 గ్రాముల డబ్బా అంటే ఇరవై పైపులు. డబ్బాకు పెట్టిన సొమ్మును ఇరవైతో భాగించి చూసుకుంటే చాలామంది ఆవేశం అక్కడే చల్లబడుతుంది. ఐదవది ఎవరూ ముందుగా ఆలోచించనిది: ఆ ఇరవై పైపులూ నచ్చితే తరువాత ఏం చేస్తారు?

పేరు మాత్రమే మారినది: డన్‌హిల్

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కనుక కొంచెం నిలిచి చెప్పాలి. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచి, వచ్చినవారి అభిరుచిని బట్టి పొగాకు కలిపి ఇస్తూ, ఆ కలయికలను నంబర్లు వేసి పుస్తకంలో రాసుకునేవాడు. మై మిక్స్చర్ 965లోని అంకె అలా వచ్చినదే. ఆ పేరు మీద వచ్చిన పొగాకు 1981 నుంచి బెల్‌ఫాస్ట్‌లోని మర్రీస్ కర్మాగారంలో తయారైంది. 2005లో ఆ కర్మాగారం మూతపడ్డాక తయారీ డెన్మార్క్‌కు వెళ్లింది. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు రావడం ఆగిపోయింది. అప్పుడు ప్రపంచమంతా ఉన్న పైపు ప్రియులు దొరికిన డబ్బానల్లా కొని దాచుకున్నారు. మరుసటి ఏడాది, 2019లో, అవే మిశ్రమాలు అదే డెన్మార్క్ నుంచి పీటర్సన్ పేరుతో మళ్లీ వచ్చాయి. నైట్‌క్యాప్ నైట్‌క్యాప్‌గానే వచ్చింది, ఎర్లీ మార్నింగ్ పైప్ కూడా అలాగే వచ్చింది.

కనుక డబ్బా మీద డెన్మార్క్ అని ఉన్న డన్‌హిల్‌కు అనేక రెట్లు ధర పెట్టడమంటే పేరుకు పెట్టడమే. బెల్‌ఫాస్ట్ అని ఉంటే విషయం వేరు. అది వేరే చేతులు చేసిన సరుకు, కనీసం 2005కు ముందుది. అందులోనూ నైట్‌క్యాప్‌లో లటాకియా పాలు ఎక్కువ కాబట్టి ఇన్నేళ్ల తరువాత అది మొదటి రోజు నైట్‌క్యాప్‌లా ఉంటుందని ఆశించకూడదు. అదే బెల్‌ఫాస్ట్ నాటి వర్జీనియా ఫ్లేక్ ఎవరైనా చూపిస్తే నేను బేరం కూడా ఆడను. మా వాడికి కనబడిన డబ్బా మీద డెన్మార్క్ అనే ఉంది. నాలుగింటిలో మొదట కొట్టివేసినది దానినే.

చేతులు పోయినవి, ఆకు పోయినవి

మెక్లెలాండ్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. అమెరికాలో కాన్సస్ సిటీ కేంద్రంగా 1977లో మొదలైన ఆ సంస్థ 2018లో మూతపడింది. తమకు కావలసిన స్థాయి వర్జీనియా ఆకు దొరకడం కష్టమైపోయిందన్నది వారు చెప్పుకున్న కారణాలలో ఒకటి. వారి వర్జీనియా డబ్బా తెరవగానే పులుపు కలిసిన ఒక వాసన కొడుతుంది. టమోటా సాస్ వాసన అని అందరూ అంటారు. నాకు మాత్రం ఊటకు వేసిన చింతకాయ తొక్కు గుర్తుకువస్తుంది. వెలిగించాక ఆ పులుపు పోయి ఎండుద్రాక్ష తీపి మిగులుతుంది. ఆ పద్ధతిలో ఆకును మగ్గబెట్టేవారు వేరెవరూ నాకు తెలియదు. పైగా అది వర్జీనియా, అంటే వయసు పెరిగేకొద్దీ బాగుపడేది. ఇక్కడ ఎక్కువ ధర పెట్టడానికి కారణం కనబడుతోంది. అదే సంస్థ చేసిన ఫ్రాగ్ మోర్టన్‌కు కూడా అంతే గిరాకీ ఉంది గాని, అది లటాకియా మిశ్రమం కనుక దానికి నేను అంత ఇవ్వను.

సోబ్రానీ విషయంలో మనసు రెండు వైపులా లాగుతుంది. అది లటాకియా మిశ్రమం. లటాకియా అన్నది సిరియా రేవు పట్టణం పేరు. సువాసన గల చెట్లు, పొదల కట్టెలతో వేసిన మంట మీద ఆకును వారాల తరబడి పొగబెట్టి నల్లబరచడం ఆ పద్ధతి. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్నది సైప్రస్ లటాకియా. సిరియా ఆకు కాస్త పొడిగా, ద్రాక్ష సారాయి ఛాయలో ఉంటుంది. సైప్రస్ ఆకులో తోలు వాసన, తీపి ఎక్కువ. సిరియా ఆకు నిల్వ గోదాములో అగ్నికి ఆహుతి కావడంతో అమెరికాలో పైపు మిశ్రమాలు చేసే జి. ఎల్. పీస్ తన బొహీమియన్ స్కాండల్ వంటి మిశ్రమాలను ఆపివేయవలసి వచ్చింది. అంటే సిరియా ఆకుతో చేసిన పాత డబ్బా దొరికితే అది మళ్లీ పుట్టని సరుకే. లండన్‌లో పుట్టిన బాల్కన్ సోబ్రానీ కొంతకాలం కనుమరుగై, 2011లో జెర్సీ ద్వీపంలోని జర్మెయిన్ సంస్థ చేతుల మీదుగా తిరిగి వచ్చింది. పాతది తాగినవారు కొత్తదానిని మంచి పొగాకు అన్నారే గాని, అదే ఇది అని అందరూ అనలేదు. అయితే పాత సోబ్రానీని వెతికేవారు ఒక సంగతి మరచిపోతారు: ముప్పై నలభై ఏళ్లు డబ్బాలో ఉన్న లటాకియాను తాగి, అది ఆనాటి రుచి అనుకోవడానికి లేదు. ఆనాటివారు తాగినది తాజా సరుకు.

త్రీ నన్స్ సంగతి చిన్నది. గ్లాస్గోలోని బెల్ సంస్థ చేసిన ఈ పొగాకు చిన్న నాణేల్లా గుండ్రంగా కోసి ఉంటుంది. పాతదానిలో వర్జీనియాతోపాటు పెరిక్ ఉండేది; అమెరికాలో లూసియానా రాష్ట్రపు సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాలలో అదిమి పులియబెట్టే ఆకు అది. తరువాత వచ్చిన త్రీ నన్స్‌లో పెరిక్ పోయి కెంటకీ అనే వేరే ఆకు చేరింది. పేరు అదే, లోపలి సరుకు వేరు. డన్‌హిల్‌కు సరిగ్గా ఎదురు కథ. కనుక పెరిక్ ఉన్న పాత డబ్బా, మూత గట్టిగా ఉంటే, వెతికి కొనదగినదే.

పోలికగా చేసినవి, మన దగ్గర దొరికేవి

ఆగిపోయిన మిశ్రమాలకు దగ్గరగా ఉండేలా కలిపి, మ్యాచ్ అనే మాట చేర్చి అమ్మిన సరుకు అమెరికాలో సట్లిఫ్ వంటి సంస్థల నుంచి వచ్చింది. వాటిని తక్కువ చేసి మాట్లాడడం పైపు ప్రియులలో ఒక మర్యాద అయిపోయింది. నా దృష్టిలో అవి నిజాయితీ గలవి. పాతదాని రుచి ఏ దిక్కున ఉండేదో మామూలు ధరకే చెబుతాయి. పాత సోబ్రానీ కోసం ఊరూరా వెతుకుతున్నవారు ముందు అటువంటిది ఒకటి తాగి చూస్తే, ఆ తరహా రుచి తమకు నచ్చుతుందో లేదో తక్కువలో తెలిసిపోతుంది. అయితే సంస్థలు చేతులు మారుతున్న రోజులివి. డెన్మార్క్ పైపు పొగాకు సంస్థ మాక్ బారెన్‌ను 2024లో స్కాండినేవియన్ టొబాకో గ్రూప్ కొన్నది. ఇటువంటి కొనుగోళ్ల తరువాత జాబితాలు కురచ కావడం కొత్త కాదు. ఈరోజు మామూలుగా దొరికేది రేపటికి పాత డబ్బా కావచ్చు. నచ్చినది దొరుకుతున్నప్పుడే రెండు ఎక్కువ కొని దాచుకోవడం, పోయినదాని వెంట పడడం కంటే చవక.

ఇక ఇంటి సరుకు. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల మధ్య లంకలలో, వరద వదిలిన ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టకు పేరుపడినది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమహేంద్రవరంలోనే పెట్టారంటే ఈ నేలకు, ఈ ఆకుకు ఉన్న సంబంధం అర్థమవుతుంది. ఆ ఆకును పైపులో వాడవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. ఈనె తీసి, సన్నగా తరిగి, వర్జీనియాలో పదో పాలుకు మించకుండా కలిపితే మంచి దన్ను ఇస్తుంది. అంతకు మించితే తల తిరుగుతుంది. అది లటాకియాకు గాని పెరిక్‌కు గాని బదులు కాదు. చుట్ట వాసన చుట్ట వాసనే. ఆగిపోయిన మిశ్రమాన్ని లంక ఆకుతో ఇంట్లో పుట్టించవచ్చని చెప్పేవారిని నమ్మకండి. దానిని దానిగా వాడుకుంటే హాయిగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది ఒకచోట చూసుకోవడానికి:

| ఎంపిక | నిజంగా పోయినది | వయసు కలిసివస్తుందా | ఎక్కువ ధర పెట్టవచ్చా |
|---|---|---|---|
| డన్‌హిల్, డెన్మార్క్ నాటిది | పేరు | మిశ్రమాన్ని బట్టి. నైట్‌క్యాప్‌కు లేదు | వద్దు, పీటర్సన్ ఉంది |
| డన్‌హిల్, బెల్‌ఫాస్ట్ నాటిది | కర్మాగారం | వర్జీనియా అయితే బాగా | వర్జీనియాకు మాత్రమే |
| మెక్లెలాండ్ వర్జీనియా | కర్మాగారం, పద్ధతి | బాగా | పెట్టవచ్చు |
| పాత బాల్కన్ సోబ్రానీ | పాత తయారీ | వాసన పలచబడుతుంది | ఒక్కసారి, ముచ్చటకు |
| పెరిక్ ఉన్న త్రీ నన్స్ | పాత కలయిక | బాగా | మూత బాగుంటే |
| మ్యాచ్ మిశ్రమాలు | ఏమీ లేదు | మిశ్రమాన్ని బట్టి | అవసరం రాదు |

ఎవరికి ఏది

రోజూ రెండు మూడు పైపులు తాగేవారికి పాత డబ్బా వారం పది రోజుల ముచ్చట. వారు దాని జోలికి పోకుండా, ఇప్పుడు దొరికే వర్జీనియాను ఎక్కువగా కొని తామే మగ్గబెట్టుకోవడం మేలు. ఐదేళ్లు ఆగగలిగితే వేరొకరి పాత డబ్బాకు పెట్టే సొమ్ము తమ దగ్గరే ఉంటుంది. ఆదివారం సాయంత్రం కాలువ గట్టున కూర్చుని ఒకే ఒక్క పైపు వెలిగించేవారికి ఇరవై పైపులంటే దాదాపు ఐదు నెలలు. అటువంటివారు ఒక మంచి డబ్బాకు కాస్త ఎక్కువ పెట్టినా తప్పు పట్టలేను.

కాకినాడ రేవు నుంచి ఓడల మీద వెళ్లి, ముప్పై ఏళ్ల కిందట ఏ లండన్ దుకాణంలోనో కొన్న పొగాకు రుచిని ఇంకా నాలుక మీద మోస్తున్న పెద్దవాళ్లు కొందరు నాకు తెలుసు. వారిది వేరే లెక్క. వారు వెతుకుతున్నది పొగాకును కాదు, ఆ వయసును. అటువంటివారికి నేను పాత డబ్బా కంటే పీటర్సన్ తాజా డబ్బానే సూచిస్తాను, ఎందుకంటే వారు ఆనాడు తాగినదీ తాజాదే. డబ్బాలు తెరవకుండా అలమరలో పెట్టి చూసుకునేవారికి మాత్రం నా సలహా పనికిరాదు. వారికి చీటీ చిరగకుండా ఉంటే చాలు.

మూత, తుప్పు, మన గాలి

పై లెక్కలన్నీ ఒక తుప్పు చిల్లుతో తుడిచిపెట్టుకుపోతాయి. ఆరేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర పాత వర్జీనియా డబ్బా ఒకటి మంచి ధర పెట్టి కొన్నాను. చూడడానికి కొత్తదానిలా ఉంది. మూత అంచున నాణెం పెట్టి తిప్పితే గాలి లోపలికి పోతున్న చిన్న బుస్సుమనే శబ్దం రావాలి. ఏ శబ్దమూ లేకుండా మూత వచ్చేసింది. లోపల ఎండిన గరిక లాంటిది, ముట్టుకుంటే పొడి అయ్యేది. అడుగున అంటించిన కాగితం ఊడదీసి చూస్తే గుండుసూది మొనంత చిల్లు, దాని చుట్టూ కమలా రంగు తుప్పు. అంతకుముందు ఆ డబ్బా కోస్తాలోనే మూడు వానాకాలాలు ఒక ఇనప బీరువాలో గడిపిందని తరువాత తెలిసింది.

అందుకే ఇప్పుడు కొనే ముందు నాలుగు పనులు చేస్తాను. మూత మధ్య భాగం కొద్దిగా లోపలికి దిగి ఉందా అని చూస్తాను. అలా ఉంటే లోపల బిగి ఉన్నట్లే. పైకి ఉబ్బితే లోపల పులిసినట్లు. వర్జీనియాలో అది ఎప్పుడూ చెడు కాదు గాని, అంచుల నుంచి కారిన మరక ఉంటే వదిలేస్తాను. చెవి దగ్గర పెట్టి ఊపుతాను: ముద్దలా దబ్బుమంటే పదునుగా ఉన్నట్లు, గలగలమంటే ఎండిపోయినట్లు. కాగితం కింద తుప్పు ఉబ్బెత్తుగా తగులుతుందేమో వేలితో తడుముతాను. గుండ్రటి డబ్బాల కంటే నలుచదరపు పలచటి డబ్బాలు మూలల దగ్గర త్వరగా బిగి వదులుతాయి కాబట్టి వాటికి ఇంకా తక్కువ ధరే చెబుతాను.

తెరిచాక ఆకు మీద తెల్లగా కనబడితే కంగారుపడనక్కరలేదు. వెలుతురులో పట్టి చూస్తే మెరిసే పలుకులైతే అవి స్ఫటికాలు, మంచి గుర్తు. దూదిలా నూగుగా ఉండి ముక్కవాసన కొడితే బూజు. ఎంత పెట్టి కొన్నా పారేయాలి. బాగున్నదానిని వెంటనే రబ్బరు పట్టీ ఉన్న గాజు సీసాలోకి మార్చి, తేదీ చీటీ అంటించి, ఎండ తగలని అలమరలో పెట్టాలి. ఆషాఢం నుంచి కార్తికం దాకా మన గాలిలో ఉన్న తేమకు డబ్బాను డబ్బాగా ఉంచితే తుప్పు పట్టక మానదు. ఎండిపోయిన ఆకును పదునుకు తేవడానికి ఆపిల్ ముక్క, బంగాళాదుంప ముక్క వేయమని చెప్పేవాళ్లుంటారు. అది బూజును పిలవడమే. పొగాకు రైతులు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) తలుపులు తెరిచి రాత్రి గాలికి ఆకును పదునెక్కించినట్లు, మనమూ శ్రావణమాసపు రాత్రి ఒక పళ్లెంలో పలచగా పరిచి వదిలితే తెల్లారేసరికి అది దానంతట అదే మెత్తబడుతుంది. వేసవిలో అయితే గిన్నె మీద తడి గుడ్డ కప్పితే సరిపోతుంది.

మా వాడిని ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, మిగిలిన మూడు డబ్బాలూ దాని ముందు ఒక్కొక్కటిగా ఊపమన్నాను. సోబ్రానీ గలగలమంది, అంచు చుట్టూ గోధుమరంగు గీత కూడా ఉందన్నాడు. మెక్లెలాండ్ దబ్బుమంది. త్రీ నన్స్ కూడా అంతే, చీటీ మీద కెంటకీ అన్న మాట ఎక్కడా లేదన్నాడు. ఆ రెండే తెమ్మన్నాను. "మరి సోబ్రానీ ఊరికే ఇస్తానంటున్నారు మావయ్యా" అన్నాడు. ఊరికే ఇచ్చినా 50 గ్రాములు 50 గ్రాములే కదా. మెక్లెలాండ్ భోగి నాడు తెరిచాను, బుస్సుమంది. దానిలో ఇంకా ఏడు పైపులకు సరిపడా మిగిలి ఉంది. త్రీ నన్స్ మూత లోపలికి దిగే ఉంది కనుక తెరవలేదు.